పంకజాక్షమ్మ పంపకం

పంకజాక్షమ్మ ఏ వస్తువు చూసినా ధర అడగదు. "దీన్ని తోమేదెవురు?" అని అడుగుతుంది. తిరుచానూరు వీధుల్లోకి అమ్మవారి బంగారు వాహనం వస్తే అందరితోపాటు తనూ చేతులు జోడించి, పక్కావిడ చెవిలో, "ఎంత తళతళలాడతా ఉండాదో! ఎవురు తోమినారో, పాపం" అంటుంది. కొత్త కారు కొన్న పెళ్ళికొడుకు మీద అక్షింతలు వేస్తూనే, "కారు కడిగేదెవురప్పా?" అని నిలదీసింది.

అలాంటి మనిషిని మునికృష్ణ తన ఇంటికి, విడాకుల పంపకానికి పిలిచాడంటే కారణం ఒక్కటే. ఆమె అతనికి సొంత చిన్నమ్మ. తన పక్షమే మాట్లాడుతుందని అతని ధీమా. అతని భార్య లోకేశ్వరికీ అదే భయం. కలిసి ఉండలేమని భార్యాభర్తలిద్దరూ ఒప్పుకున్నారు. ఆస్తి సంగతి ముందు మీలో మీరు తేల్చుకుని రమ్మన్నాడు లాయరు.

"తేల్చేదానికి ఏముండాది చిన్నమ్మా? అన్నీ నా జీతంతో కొన్నవే" అన్నాడు మునికృష్ణ, కాలు మీద కాలు వేసుకుని.

"సరేరా. ఈ ఇత్తడి అండా తోమిందెవురు?"

"అది."

"బీరువా తుడిచింది?"

"అదే. అయితే?"

"ఆయమ్మకి పేరు లేదా?"

"లోకేశ్వరి" అని గొణిగాడు. అండా, బీరువా ఆమె వైపు చేరాయి.

లోకేశ్వరి దోసెల పెనం అందుకుంది. పెనానికీ పంకజాక్షమ్మది అదే ప్రశ్న. అబద్ధం చెప్పబోయింది గానీ నోరు రాలేదు.

"ఆయనే అత్తా. నాకు కామెర్లు వచ్చినప్పుడు వంటా వార్పూ అంతా ఆయనే చేసినాడు."

పెనం మునికృష్ణ వైపు పోయింది. అతను మెల్లగా కాలు దించాడు.

"ఇంక ఇల్లు" అంది పంకజాక్షమ్మ.

"ఇంటిని కూడా తోముతారా చిన్నమ్మా?" అని నవ్వాడు మునికృష్ణ.

"కట్టేటప్పుడు గోడలకు నీళ్ళు పట్టిందెవురు?"

అతని నవ్వు ఆగిపోయింది. అతను ఆఫీసులో ఉంటే, ఎండలో వీధి చివర ట్యాంకరు నుంచి బిందెలు మోసి గోడలు తడిపింది లోకేశ్వరే. ఆ సంగతి ఆమే మరిచిపోయింది.

"సిమెంటు నీది, నీళ్ళు ఆయమ్మవి. ఆ నీళ్ళు లేకుంటే నీ గోడలు ఎప్పుడో పొడై రాలిపొయ్యుండు. ఇల్లు అమ్మి సెరిసగం తీసుకోండి."

"నువ్వు నాకు చిన్నమ్మవా, లోకేశ్వరికి లాయరువా?" అన్నాడు మునికృష్ణ. లేచి గోడ మీద చెయ్యి వేసి చూశాడు. "నీళ్ళు మోసింది నిజమేలే. సగం సగమనే లాయరుకి చెప్తా."

సామాన్లు సర్దుకుంటూ లోకేశ్వరి ఉండబట్టలేక అడిగింది. "సగమని ముందే నీ మనసులో ఉంటే, గిన్నె గిన్నెకీ పంచాయితీ ఎందుకత్తా?"

"ముందే చెప్పుంటే సగం తీసుకోని తిట్టుకుంటా పోయుందురు. ఇప్పుడు ఒకరికొకరు ఏం చేసినారో ఇనినారు. ఆ మాట కూడా సెరొకటి ఎత్తుకోని పోండి. అది సరే, ఇల్లు అమ్ముడయ్యేదాకా యాడుంటావు? తిరుచానూరులో మా మిద్దె మీద గది ఖాళీగా ఉండాది, వచ్చెయ్."

"విడాకులైనాక నేను నీకేమవుతానత్తా?"

"నువ్వు కోడలివని నాకు కోర్టు చెప్పిందా, కాదని ఇప్పుడది చెప్పేదానికి? ఎక్కు, ఆటో వచ్చింది."

లోకేశ్వరి పెట్టెను ఆటోలో పెట్టింది మునికృష్ణే.