చీటీలు విడదీసిన జోడీలు

1974 ఫిబ్రవరి 4, సోమవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు మిర్యాలగూడలోని ఒక రైస్‌మిల్లులో మొదటి రక్తపోటు కొలత రాసుకున్నాం. అప్పుడు నేను పబ్లిక్ హెల్త్ నర్సును. ఉడికిన వడ్లను కల్లంలో ఆరబెట్టే ఆడకూలీల్లో రక్తపోటు ఉన్నవారు నలభై మంది. రోజూ ఇరవై నిమిషాల ధ్యానం వారికి మేలు చేస్తుందో లేదో తేల్చాలని మా డాక్టరు గారి పట్టుదల. మేలని తేలితే సూర్యాపేట, కోదాడ మిల్లుల్లోనూ ఆ విరామం ఇప్పించాలనుకున్నారు; అక్కడి యజమానుల అనుమతి ముందే తీసుకున్నారు.

సగం మంది ధ్యానం చేస్తారు, మిగతా సగం ఎప్పటిలాగే పనిచేస్తారు అన్నది ఆయన మొదటి పథకం. నేను ఒప్పుకోలేదు. ఎండలో వడ్లు తిప్పే మనిషితో నీడలో కూర్చున్న మనిషిని పోలిస్తే తెలిసేది నీడ గుణమే అన్నాను. అందుకని పోలిక జట్టుకూ వేరే వేళలో అదే షెడ్డు, అవే చాపలు, అదే మజ్జిగ, అంతే సేపు. ధ్యానం బదులు ఆరోగ్య పాఠం. ఎవరు ఏ జట్టో పేర్ల చీటీలు తీసి నిర్ణయించాను. కొలతలు తీయడానికి కోదాడ నుంచి ఒక నర్సును రప్పించి, జట్ల సంగతి ఆమెకు తెలియనివ్వలేదు.

ఎనిమిదో వారం, మార్చి 27న, పోలిక జట్టులోని సాయమ్మ పాఠానికి ముందే చాప మీద కళ్లు మూసుకుని ఊపిరి లెక్కపెడుతూ కనిపించింది. ఆమెతో కలిసి పనిచేసే మరియమ్మది ధ్యానం జట్టు. మరియమ్మను పిలిచి అడిగితే తడుముకోలేదు.

“నేనే నేర్పిన సిస్టరమ్మా. పొద్దంత ఇద్దరం ఒక్క సాలుల్నే కాళ్లతోటి వడ్లు తిప్పుతం. నాకు మంచిగైతదంటే నా జోడికి చెప్పకుంట ఉంటనా? మీ చీటీకి తెల్వకపోతే నాకు తెల్వదా?”

కల్లంలో పని జోడీలుగా సాగుతుంది. ఒకరు రాకపోతే రెండోవారికీ ఆ పూట పని ఉండదు. సద్ది కూడా కలిసే తింటారు. నాకిది తెలుసు. తెలిసీ చీటీలు మనిషికొకటి రాశాను. విచారిస్తే పోలిక జట్టులో ఇరవైకి పధ్నాలుగు మంది ధ్యానం నేర్చుకుని ఉన్నారు.

కొలతల పుస్తకంలో రెండు జట్లకూ రక్తపోటు తగ్గింది. మంచిదే కదా, తగ్గిందనే రాయమన్నారు డాక్టరు గారు. తగ్గింది ధ్యానం వల్లనో, నీడ వల్లనో, ఎండలు ముదరడం వల్లనో చెప్పడానికి పోలిక మిగల్లేదన్నాను.

“అయితే ఇదంతా ఖతమేనా సిస్టర్?”

“ఖతమే సార్. తప్పు నాదని కూడా రాయండి.”

చివరికి నివేదిక నేనే రాసి ఆయన బల్ల మీద పెట్టాను. మూడో రోజు దాని కింద సంతకం పెట్టారు.

ఒకరికొకరు చెప్పుకునేవాళ్లను ఒకే జట్టులో ఉంచాలి. జోడీకొక చీటీ, వీలైతే మిల్లుకొక చీటీ తీయాలి. ఎవరు ఎవరితో కలిసి అన్నం తింటారో అంతకుముందే అడిగి రాసుకోవాలి. తర్వాత ఏ పనిలోనూ నేనిది తప్పలేదు.

పోయినవి: ఎనిమిది వారాలు, నలభై మందికి వారానికొకటి చొప్పున 320 కొలతలు, సూర్యాపేట, కోదాడ మిల్లుల అనుమతులు రెండు, పరీక్ష ఆగడంతో మిర్యాలగూడ కూలీలకు రోజుకు ఇరవై నిమిషాల నీడ.