మంచులో నాయన కూత

దయ్యం పట్టిందని ఎవరైనా తాయెత్తు కోసం తిరుగుతుంటే, ముందు జ్వరం మాత్ర వేయించండని చెప్పే మనిషిని నేను. ఇప్పటికీ దయ్యాలు ఉన్నాయని అనను. కానీ పోయిన చలికాలం మడికేరిలో నా చెవులతో నేను విన్నది ఏమిటో ఎవరైనా చెబితే వాళ్ళకు దండం పెడతాను.

మాది కొత్తచెరువు. టైలరింగ్ షాపు నడుపుతాను. మా ఆయన ట్రాక్టర్ మెకానిక్. ఎండకు మాడే ఊళ్ళో ఉంటాం కాబట్టి మాకు చలి అంటే అదో మోజు. ఫోన్‌లో మంచు కొండల వీడియోలు చూసి చూసి, "ఒక్కసారన్నా నోట్లోంచి పొగొచ్చే చలి సూడల్లమే!" అని ఆయన నా ప్రాణం తీశాడు.

"బీడీ తాగితే ఈడే వస్తాదిలేప్పా" అన్నాను. ఊరుకుంటేనా! చివరికి తెలిసినవాళ్ళ కారు తీసుకుని, ఐదేళ్ళ మా హారికతో మడికేరి కొండలకు బయల్దేరాం.

ఊరు నిజంగా బాగుంది. ఎర్ర పెంకుల ఇళ్ళు, కాఫీ తోటలు, మధ్యాహ్నం కూడా స్వెటర్ విప్పబుద్ధి కాని చలి. మేం దిగిన ఇల్లు లోయ అంచున ఉంది. ఇంటావిడ కన్నడం తప్ప మాట్లాడదు. నేను పుట్టి పెరిగింది కన్నడ సరిహద్దులో, మడకశిర దగ్గర కాబట్టి ఇబ్బంది లేదు.

ఇక్కడ మా నాయన గురించి చెప్పాలి. ఆయన ఇప్పటికీ మడకశిర దగ్గర గొర్రెలు కాస్తాడు. ప్రతి కాపరికీ మందను పిలవడానికి సొంత కూత ఒకటుంటుంది. మా నాయనది సన్నగా మొదలై, చివర గుటక వేసినట్టు తెగుతుంది. వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్నాడు. ఇంకెవరికీ రాదు. సెలవుల్లో హారికను అన్నానికి పిలవాలన్నా అదే కూత. అది గొర్రెపిల్లలతో పాటు పరుగెత్తుకొస్తుంది.

ఇంకో సంగతి. మంచు దిగితే మా నాయన కూత వేయడు. మంద మధ్యలో నోరు మూసుకుని నిలబడతాడు. "మంచులో కూతేస్తే గొర్రె దావ సూడదు. గొంతు దిక్కుకే దుంకుతాది. మధ్యలో బాయి ఉన్నా అంతే" అనేవాడు. చిన్నప్పటి నుంచి నేను విన్న మాట.

రెండో రోజు పొద్దున లేచేసరికి ఎదురుగా ఉన్న గేటు కూడా కనపడనంత మంచు. మా ఆయన ఇంకా దుప్పట్లోనే ఉన్నాడు. నేను వరండాలో కాఫీ తాగుతున్నాను. హారిక మెట్ల మీద పాలు తాగుతోంది.

అప్పుడు వినిపించింది. నాయన కూత.

ముందు సంతోషమే కలిగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆ వెంటనే గుర్తొచ్చింది. నాయన మడకశిరలో ఉన్నాడు. పైగా మంచులో ఆయన కూత వేయడు.

తల తిప్పేసరికి పాలగ్లాసు మెట్టు మీద ఉంది. పిల్ల లేదు.

"తాత పిలుస్తాండాడుమ్మా!" అని ఇంటి వెనక నుంచి హారిక గొంతు. చెప్పులు లేకుండా పరుగెత్తాను. కాఫీ కొమ్మలు ముఖానికి కొట్టుకుంటున్నాయి. కూత ముందు ముందుకు పోతోంది, దాని వెంట పిల్ల. గొంతు చించుకున్నా ఆగడం లేదు. లోయ వైపు గోడ ఒకచోట కూలి ఉంది. ఆ సందులో పిల్ల అడుగు పెట్టబోతుండగా దాని స్వెటర్ నా చేతికి చిక్కింది. లాగి మీద పడేసుకున్నాను.

దాని కాలి కింది రాయి జారింది. కింద పడిన చప్పుడు మాత్రం వినపడలేదు.

"ఇడ్సుమ్మా, తాత ఆడుండాడు!" అని గింజుకుంటూ వేలు చూపించింది. అక్కడ నేల లేదు.

మళ్ళీ కూత. గోడకు అవతల, గాలిలో, సరిగ్గా నా ముఖానికి ఎదురుగా. ఈసారి నెమ్మదిగా, బుజ్జగిస్తున్నట్టు. అన్నానికి పిలిచేటప్పుడు నాయన అలాగే పిలుస్తాడు. పిల్ల చెవులు రెండు చేతులతో మూసి, "నువ్వు మా నాయన కాదు!" అని అరిచాను.

కూత మధ్యలోనే ఆగిపోయింది. చివరి గుటక రాలేదు.

గదికొచ్చి గడియ పెట్టి నాయనకు ఫోన్ చేశాను. వెనక గొర్రెల అరుపులు వినపడుతున్నాయి, దొడ్డి దగ్గరే ఉన్నాడు. అంతా చెప్పాను.

"మంచులో నేను నోరు తెరిసింది ఎప్పుడన్నా సూసినావా? బిడ్డను సంకలోంచి దించొద్దు. ఇప్పుడే బయల్దేరండి" అన్నాడు. దయ్యం మాటెత్తితే నవ్వే మనిషి ఆయన.

ఇంటావిడను అడిగితే, ఇక్కడంతా కాఫీ తోటలే, గొర్రెలు కాసేవాళ్ళు ఎవరూ లేరంది. తోట కూలీ ఎవరో కేకేసి ఉంటారని మా ఆయన అన్నాడు. మరి ఆ కూలీకి మా నాయన కూత ఎలా వచ్చిందంటే, సంచులు తీసుకెళ్ళి కార్లో పెట్టడం మొదలుపెట్టాడు.

ఆ తర్వాత నాయన కూత మార్చేశాడు. తండ్రి నేర్పిన కూతను ముసలితనంలో వదిలేశాడు. కొత్తది అలవాటయ్యేదాకా మంద చెదిరిపోయి నానా తిప్పలు పడ్డాడు. ఎందుకు నాయనా అని అడిగితే, "ఇంగ అది నా ఒక్కనిదే కాదు కదమ్మా" అన్నాడు.

ఏడాది గడిచింది. ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కలేదు. గొర్రెలు పాత కూతను మరిచిపోయాయి. నా కూతురు మరిచిపోలేదు. మొన్న పొద్దున మా కొత్తచెరువులోనూ మంచు పడింది. హారిక పక్క మీద నుంచి లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడి, "తియ్యిమ్మా, తాత పిలుస్తాండాడు" అంది.

నాకేమీ వినపడలేదు. ఎండ వచ్చేదాకా గడియ మీది నుంచి చేయి తీయలేదు.