ఉతికిందెవరో రాయమన్న మేడం

పటాన్‌చెరుల సంగారెడ్డి బస్సెక్కి కిటికీ పక్కకు కూసున్ననో లేదో ఫోన్ మోగింది. మా చరిత్ర మేడం వాళ్ల చెల్లెలు. "అక్క పోయిందమ్మా. కాఫీ ఇద్దామని లేపితే లేవలేదు" అన్నది. బస్సుల అంత మంది నడుమ "అయ్యో" అన్న. నిజం చెప్పాలంటే ఇంకో మాట గూడ నాలిక మీదికొచ్చింది గని మింగేసిన. "మేడం బట్టలు ఉతకకుండ్రి" అనబోయిన.

మనిషి పోయిందన్న కబురు విని గిదేం బుద్ధి అని మీరు తిట్టుకోవచ్చు. తిట్టుకోండ్రి. నాకా బుద్ధి నేర్పింది మేడమే. ఆమె ఉంటే గిప్పుడు పడిపడి నవ్వుతుండె.

మేడం సంగారెడ్డిల మా డిగ్రీ కాలేజీల చరిత్ర చెప్పిన్రు. లైబ్రరీ ఎనక ఇరిగిన బెంచీలు పడేసిన గదొకటి ఉండె. ప్రిన్సిపాల్ సారు ఎంబడి పడి పడి దాన్ని ఖాళీ చేయించిన్రు. సున్నం ఏయించి, మన దిక్కు మనుషులు కట్టుకున్న పాత బట్టలు, రాసుకున్న ఉత్తరాలు తెచ్చి పెట్టుడు మొదలువెట్టిన్రు. అట్లాంటివి దాచెటానికి పట్నంల పెద్ద మ్యూజియంలు ఉన్నయి గద మేడం అని మేం అంటే, "అక్కడ రాజుల బట్టలుంటాయి. మీ నాన్న చొక్కా ఎవరు దాస్తారు?" అని అడిగిన్రు. నేను అప్పుడు ఆమె స్టూడెంట్‌ను. గిప్పుడు అదే కాలేజీల లైబ్రరీ చూస్తున్న, గది తాళంచెవి నా దగ్గర్నే ఉంటది. మేడం రిటైరైనంక గూడ ప్రతి శుక్రవారం రామచంద్రాపురం నుంచి బస్సుల వచ్చెటోళ్లు. అదే ఆకుపచ్చ నేత చీర, అదే సంచి. గది తలుపు తెరవంగనే ముందుగాల ముక్కుతోని లోపలికి వచ్చెటోళ్లు. బట్టలకు పురుగు పట్టకుండ పెట్టిన వేపాకు వాసన తక్కువైతే వెంటనే కనిపెడుతుండె.

వాళ్ల నాయన గోదావరి దిక్కు నుంచి ఇక్కడి ఫ్యాక్టరీల నౌకరీకి వచ్చిండు. మేడం క్వార్టర్లల్లనే పెరిగిన్రు. పెండ్లి చేసుకోలే, చెల్లెలు దగ్గర ఉన్నరు. జన్మంత ఇక్కడ గడిచినా మాట మాత్రం ఆ దిక్కుదే. ఒక్కసారి క్లాసుల మా తీరు మాట్లాడదామని "ఏంది" అన్నరు. మేం నవ్వుడు ఆపలేక చున్నీలు నోట్లె కుక్కుకున్నం. మళ్ల ఎన్నడు ఆ సాహసం చెయ్యలే పాపం.

గదిల పని చూస్తె చాదస్తం అనిపిస్తుండె. జరీ చీర ఒకటే మడత మీద ఉంటే ఆ మడత కాడ్నే ఇరుగుతదట. అందుకని కోరా బట్ట చుట్ట చేసి నడుమ పెట్టాలె, ఏడాదికోపాలి మడత మార్చాలె. నాఫ్తలిన్ గోలీలు పెట్టనియ్యరు. వానలు ఎల్లినంక అన్నీ తీసి వరండాల తాడు కట్టి నీడకు ఆరేయాలె. ఆ రోజు మాకు పండుగ. కోర్టు గుమస్తా నల్ల కోటు పక్కన క్యాంటీన్ల వంట చేసిన ఆమె చీర ఊగుతుంటే, ఆడపిల్లలంత కింది నుంచి వంగి పొయ్యేటోళ్లు. మేడం స్టూలు మీద కూసోని ఆ బట్టల కతలు చెప్తుండె.

బట్టలకు, ఉత్తరాలకు ఏరేరు అల్మారాలు పెడదామంటే మేడం ఒప్పుకోలే. ఒక ఇంటివి ఒక పెట్టెలనే ఉండాలె అనేటోళ్లు. మా పక్క గల్లీల ఒక పెద్దాయన ఉండె, వయసుల ఉన్నప్పటి బెల్‌బాటం ప్యాంటు దాచుకున్నడు. మేడం ఎక్కువగ ఇండ్లకు పోయేది ఎవరన్న సచ్చిపోయి, వాళ్ల దినాలు అయినంకనే గద. మన దిక్కు పోయినోళ్ల బట్టలు ఇంట్ల ఉంచుకోరు, ఎవరికన్న ఇచ్చేస్తరు. ఇచ్చేసే ముంగటనే పోయి అడగాలె. అందుకని "బట్టల మేడం" అంటే జెర భయం గూడ ఉండె. ఆమెను గేటు కాడ చూడంగనే ఆ పెద్దాయన, "నేను ఇంక బతికే ఉన్న మేడం" అన్నడు. "బతికుండగా ఇస్తే ఇంకా మంచిదండీ, మీ కబుర్లు మీరే చెప్పొచ్చు" అన్నరు మేడం. ఆయన ప్యాంటు ఇచ్చిండు. దాంతోని అది కుట్టించుకున్నందుకు వాళ్ల నాయన ఊరి నుంచి రాసిన కార్డు గూడ ఇచ్చిండు. కార్డు నిండ తిట్లే. ఆ ప్యాంటు, ఆ తిట్లు గిప్పటికీ ఒకటే పెట్టెల ఉన్నయి.

ఉత్తరాలల్ల ఒక కొరత మేడంను కడదాక బాధపెట్టింది. నాలుగు మూలల పసుపు పూసిన పెండ్లి కార్డులు గంపెడు వచ్చినయి. సావు కబురు తెచ్చిన కార్డు ఒక్కటి గూడ దొరకలే, చదవంగనే చింపేస్తరు గద. "మన గదికి పెళ్లిళ్లే తెలుసు అమ్మాయ్, చావులు తెలీదు" అనేటోళ్లు.

ఇగ అసలు పరేషానంత ఉతుకుడుతోని. మేడంకు కావాల్సింది కట్టి ఇడిసిన బట్ట ఉన్నదున్నట్టు. చెమట పట్టిన చోటు, కొంగుకు తుడుచుకున్న పసుపు, బస్సు మెట్టుకు రాసుకుని అరిగిన అంచు, ఇవన్ని ఉండాలె. గని మాసిన బట్ట పరాయోళ్ల చేతికి ఇచ్చుడంటే మనోళ్లకు తలకొట్టేసినట్టు. ఉతకకుండ ఇయ్యండి అని ఎంత బతిమాలినా, నీలిమందు పెట్టి, ఇస్త్రీ చేసి, పండుగ కట్నం లెక్క పట్టుకొచ్చి ఇచ్చెటోళ్లు. మొన్న తెల్లాపూర్ ఫ్లాట్ల నుంచి ఒక సాఫ్ట్‌వేర్ అమ్మాయి వాళ్ల నానమ్మ జాకెట్టు తెచ్చింది. ఏసీల ఉండే పిల్ల, చదువుకున్నది, ఈమె అన్న తెలుసుకుంటది అనుకున్నం. డ్రైక్లీనింగ్ చేయించి ప్లాస్టిక్ కవర్ల తెచ్చింది.

మా అమ్మ గూడ గంతే. మా నాయిన బొల్లారంల మందుల కంపెనీల పనిచేసిండు. నేను ఫైనలియర్ల ఉండంగ పోయిండు. దినాలు అయినంక మేడం ఆయన యూనిఫాం కోసం మా ఇంటికొచ్చిన్రు. మేడం వస్తున్నరని తెలిసి అమ్మ ముందురోజే దాన్ని నానబెట్టి, బండకేసి బాది, ఎండకేసింది. ఆ మందుల వాసన అంటే అమ్మకు పడకపోతుండె. నాయిన బట్టలు మా బట్టలతోని కలిపి దండెం మీద ఎన్నడు ఎయ్యలే. మేడం యూనిఫాం ముక్కు కాడ పెట్టుకున్నరు. సబ్బు వాసన తప్ప ఏం లేదు. మొఖం చిన్నబోయింది. అది అమ్మ కనిపెట్టింది.

"జన్మంత గా వాసనతోని కొట్లాడిన మేడం. ఆఖరికన్న మంచిగ పోవాలె గద" అన్నది అమ్మ.

మేడం యూనిఫాం మడిచి ఒళ్లె పెట్టుకున్నరు. సంచిల నుంచి అట్ట ముక్క తీసిన్రు. పెట్టెలకు కట్టే అట్టల మీద బట్ట ఎవరిది, ఎప్పుడు కట్టిన్రు అని రాస్తం. దాని మీద రాసి అమ్మకు చదివి వినిపించిన్రు. "ఉతికింది భార్య. మందుల వాసన పోవాలని, ఆయన ఉన్నన్నాళ్లూ ఉతికినట్టే."

"నేను ఉతికింది గూడ రాస్తరా?" అన్నది అమ్మ.

"అదే రాయాలమ్మా. ఆయన తొడుక్కున్నది ఎంత నిజమో, మీరు ఉతికింది అంత నిజం."

నాయిన పోయినంక అమ్మ ఏడ్వంగ నేను చూసింది ఆ రోజే. తిరిగి వచ్చేటప్పుడు ఆటోల మేడం నాతోని అన్నరు, ఉతకొద్దని చెప్పడం మన పని, ఉతికితే మాత్రం ఎవరినీ కోప్పడకు, ఉతికిందెవరో రాయి చాలు అని.

చెప్పుడు అల్కగనే ఉంటది. మేడం పోయిన రోజు వాళ్ల ఇంట్ల అంత మంది ఉన్నరు, చీర సంగతి ఎట్ల ఎత్తుతం? పాడె లేస్తుంటే గూడ నా కండ్లు ఆ ఆకుపచ్చ చీర కోసం దేవులాడినయి. తలుపు ఎనక కొక్కానికి ఉన్నది. శుక్రవారం మా గదికి కట్టుకొచ్చి ఇడిసింది ఇడిసినట్టు ఉన్నది. పానం నిమ్మళమైంది. వేపాకు దుమ్ము, సిరా, బస్సు సీటు, మా గది అంత ఆ చీర మీద ఉన్నది అనుకున్న. దినాలు కానీ, వచ్చి అడుగుత అనుకున్న.

దినాలు అయిన తెల్లారి పోయిన. ఇంటెనక పెరట్ల దండేల నిండ మేడం చీరలు. ఆకుపచ్చది నడుమ ఉండె. ఉతికి, గంజి పెట్టి, అంచులు గుంజి ఆరేసి ఉన్నది. గీమె మేడం సొంత చెల్లెలే గద, అన్నేండ్లు ఒక్క ఇంట్ల ఉన్నది, గిది తెల్వదా అని మస్తు కోపమొచ్చింది.

"నువ్వు వస్తావని తెలుసమ్మా. నీకోసమే ఉతికాను" అన్నది ఆమె. "మా అక్క మాసిన చీరతో ఏనాడూ గడప దాటలేదు. ఇప్పుడు మాత్రం ఎలా పంపిస్తాను?"

నేను నోరు తెరిచిన. ఏం అనాలనుకున్ననో ఏమో, మా అమ్మ యాదికొచ్చింది. అరుగు మీద కూసున్న. సంచిల నుంచి అట్ట తీసి, ఎట్ల ఉతికిన్రో చెప్పండి అన్న. ఆమె నా దిక్కు వింతగ చూసింది. పక్కన కూసోని మెల్లగ చెప్పింది. సబ్బు పెట్టలేదట, కుంకుడు రసమే. రంగు పోతదని ఎక్కువ నాననియ్యలేదట. గంజి అక్కకు పల్చగుంటేనే ఇష్టం, చిక్కగుంటే మెడ దగ్గర గీసుకుంటుందని గొడవ చేసేది అన్నది. ఆ మాట కాడ ఆమె ఏడ్చింది. నేను గూడ ఏడ్చిన. మేడం మెడ దగ్గర గంజి గీసుకుంటదని ఇన్నేండ్లల్ల నాకు తెల్వదు. మాసిన చీర అయితే ఆ ముచ్చట నాకు చెప్పకపోతుండె.

"ఉతికింది చెల్లెలు. కుంకుడు రసం, పల్చని గంజి" అని రాసి చదివి వినిపించిన.

ఆమె కండ్లు తుడుచుకున్నది. "బాగా ఉతికింది అని రాయి" అన్నది. రాసిన.

చీర కాలేజీకి తెచ్చి చూస్తే మడతల ఇంక తడి ఉన్నది. తడి బట్ట పెట్టెల పెడితే మేడం ఊకోరు. అందుకని వరండాల ఆమె కట్టించిన తాడు మీదనే నీడకు ఆరేసిన. మధ్యాహ్నం గాలికి గంజి చీర పటపట అంటుంటే, క్లాసులు ఇడిసిన ఆడపిల్లలు దాని కింది నుంచి తలలు వంచుకుంట పోయిన్రు.