కాగితాల పాట

మా గరాజ్ తలుపు ఎవరో తట్టేసరికి మాండలిన్ మీద చెయ్యి ఆపి, చప్పుడు చేయకుండా కూర్చున్నాను. అమెరికాలో చాండ్లర్ అనే ఎడారి ఊళ్ళో ఆ ఇల్లు అద్దెకి తీసుకుని అప్పటికి ఎనిమిది నెలలు. చెత్తడబ్బా ఒక పూట ఎక్కువ బయట ఉంటేనే ఉత్తరం పంపే కాలనీ సంఘం మాది. వాయిద్యం మోతకి ఇంకేం పంపుతారో అనుకున్నాను. మళ్ళీ తట్టారు. బటన్ నొక్కి తలుపు సగం ఎత్తితే ముందు దుమ్ముకొట్టుకుపోయిన బూట్లు, ఆ తర్వాత వంగి చూస్తున్న ఒక ముఖం కనిపించాయి.

గోడ అవతల ఉండే పెద్దాయన. డెబ్బై దాటిన తెల్లాయన. రాగి గనిలో పనిచేసి రిటైరయ్యారు. నెలరోజులుగా గోడ పక్కన కుర్చీ వేసుకుని నా వాయిద్యం వింటున్నానని చెప్పారు. మెచ్చుకోలుగానే అన్నారు. నాకు మాత్రం ఆ నెలలో అదే గరాజ్‌లో కూర్చుని మా అక్కతో ఫోన్లో ఏమేం మాట్లాడానో గుర్తొచ్చింది. తెలుగు ఆయనకి అర్థం కాదు కదా అని సర్దిచెప్పుకోవడానికి కాసేపు పట్టింది.

ఆయనకి ఒక బ్యాండ్ ఉంది. ఆయన గిటార్ వాయిస్తూ పాడతారు, బడిలో పాఠాలు చెప్పే ఒకావిడ ఫిడేలు వాయిస్తుంది, ఏసీలు బాగుచేసే ఒక మెకానిక్ బేస్ గిటార్ వాయిస్తాడు. కొండల్లో, పొలాల్లో పుట్టిన పాత బాణీలకి రాక్ సంగీతం జోరు కలిపి పాడేవారు. మాటలు మాత్రం గనుల గురించి, పాలకూర కోసే కూలీల గురించి, ఇంటి బాకీ కట్టలేక రోడ్డున పడ్డవాళ్ళ గురించి. మాండలిన్ వాయించేవాడు వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయాడని, శనివారం పొద్దున్న వచ్చి కూర్చోమని అడిగారు.

నాది హెచ్-ఫోర్ వీసా. భర్త వీసాకి తోకలా ఉండేది, దాని మీద ఉద్యోగం చేయకూడదు. తణుకులో మా మాస్టారు పెళ్ళిళ్ళకి వాయించే ఆర్కెస్ట్రాలో మాండలిన్ వాయించేవారు. కీర్తనైనా సినిమా పాటైనా ఒకే శ్రద్ధతో నేర్పారు. ఆ విద్య చాండ్లర్‌లో నాకూ గరాజ్ గోడలకీ తప్ప ఎవరికీ తెలియదు.

మా ఆయనకి చెబితే లాప్‌టాప్ మూసి నా వైపు తిరిగారు. "మనతో వాళ్ళకేం పని? తెలుసుకోకుండా వెళ్ళకు. గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది" అన్నారు. అది 2010. పోలీసుకి అనుమానం వస్తే కాగితాలు అడగాలనే చట్టం మా రాష్ట్రంలో చేసిన ఏడాది. అది కోర్టుల్లో నలుగుతూ ఉన్నా, కూరగాయలకి వెళ్ళినా పాస్‌పోర్ట్ బ్యాగులో పెట్టుకునే వెళ్ళేదాన్ని.

అయినా వెళ్ళాను. ఎండకి భయపడి పొద్దున్న ఆరున్నరకే పెద్దాయన గరాజ్‌లో మొదలుపెట్టేవారు. మొదటి పాటలోనే పెద్దాయన ఒక పాదం పాడితే మిగతా ఇద్దరూ దాన్ని అందుకుని తిప్పి పాడారు. బుర్రకథలో వంతలు అందుకున్నట్టే ఉంది. నా వేళ్ళు నన్ను అడగకుండానే కదిలాయి. డబ్బు ముట్టుకోనని ముందే చెప్పాను, వీసా అలాంటిది. సరేనన్నారు.

మూడు వారాల తర్వాత ఆ చట్టానికి వ్యతిరేకంగా పార్కులో సభ జరిగితే అక్కడ వాయించాం. నన్ను వేదిక మధ్యలో నిలబెట్టారు. అప్పటిదాకా మధ్యలో ఉండేది ఫిడేలు. కాగితాలు అడిగించుకునే రంగు మనిషి ముందు కనపడాలనేనా? ఆ అనుమానం నన్ను పాటంతా తొలిచింది. దిగాక టీచరమ్మని అడిగాను. నా మైక్ తీగ పొట్టిదని, అందుకే అక్కడ పెట్టామని చెప్పింది. తీగ పొడుగెంతో నేను కళ్ళతో కొలుచుకున్నాను.

అందరికంటే నాకు నమ్మకం కుదరనిది మెకానిక్ మీద. యాభై ఏళ్ళుంటాయి. తక్కువ మాట్లాడేవాడు, ఎక్కువ అడిగేవాడు. మా ఆయన ఎక్కడ పని చేస్తారు, వీసా ఎన్నేళ్ళకి ఇస్తారు, నా పేరు మీద ఏమేం కాగితాలున్నాయి. నేను నాకొచ్చిన ఇంగ్లీషులో చెబుతుంటే పెదాలు కదుపుతూ వినేవాడు. తర్వాత చొక్కా జేబులోంచి చిన్న నోట్‌బుక్ తీసి, గోడ వైపు తిరిగి రాసుకునేవాడు. సభలో పాటకీ పాటకీ మధ్య ఫోన్‌తో ఫోటోలు తీసిందీ అతనే.

ఒక మధ్యాహ్నం మా ఆయన రెండింటికే ఇంటికొచ్చారు. షూ విప్పకుండా సోఫాలో కూర్చున్నారు. మేనేజర్ గదిలోకి పిలిచాడట. మర్యాదగానే మాట్లాడాడట. మీ భార్య రాజకీయాల్లో తిరుగుతున్నారా, మన కంపెనీ మీ గ్రీన్‌కార్డ్ ఫైల్ చేస్తోంది కదా, జాగ్రత్త అన్నాడట. ఆ బల్ల మీద నేను వేదిక మధ్యలో నిలబడ్డ ఫోటో ఉందట.

"ఎవరిచ్చారు ఆ ఫోటో?" అని ఆయన అడిగారు.

నాకు తెలుసన్నాను. అప్పటికప్పుడు అన్నీ సరిపోయాయి. ప్రశ్నలు, నోట్‌బుక్, ఫోన్. చట్టానికి ఎదురు పాడేవాళ్ళలో పోలీసులు ఒకణ్ణి పెట్టి లోపలి సంగతులు లాగడం ఎక్కడైనా జరిగేదే. మా నాన్న బస్ డిపో యూనియన్ రోజుల్లో అలాంటివాళ్ళ గురించి వింటూ పెరిగినదాన్ని.

సాయంత్రమే గోడ చుట్టూ తిరిగి పెద్దాయన దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన ముఖం గట్టిపడింది. గనిలో సమ్మె జరిగినప్పుడు కంపెనీకి కబుర్లు మోసేవాణ్ణి తాము కూడా ఒకణ్ణి కనిపెట్టామని, హాలు మధ్యలో నిలబెట్టి బయటికి పంపామని చెప్పారు. ఆ చెప్పడంలో గర్వం వినిపించింది. నాకు ధైర్యం వచ్చింది.

శనివారం రెండో పాట మధ్యలో పెద్దాయన గిటార్ ఆపి, నోట్‌బుక్ చూపించమని మెకానిక్‌ని అడిగారు. ఎందుకని అడిగాడతను. ఎందుకో చెప్పారు. మెకానిక్ ఆయన్ని చూడలేదు, నన్ను చూశాడు. జేబుకి బొత్తాం పెట్టుకున్నాడు. స్పీకర్ నుంచి బేస్ తీగ ఊడదీసి, తొందర లేకుండా చుట్టచుట్టి, ట్రక్కులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆధారమేమిటని టీచరమ్మ అడిగింది. చూపించకుండా పోయాక ఇంకేం ఆధారం కావాలని నేను మనసులో అనుకున్నాను.

తర్వాతి మూడు వారాలూ బేస్ లేకుండానే వాయించాం. పాటలకి కింద నేల లేనట్టుండేది.

ఆ నెలాఖరున తలో వంటకం తెచ్చుకునే తెలుగువాళ్ళ పాట్‌లక్‌కి వెళ్ళాం. మా ఆయన ఆఫీసులోనే పెద్ద హోదాలో ఉన్న ఒకాయన పులిహోర గిన్నె దగ్గర నన్ను పలకరించారు. మా అందరికంటే ఇరవై ఏళ్ళు ముందొచ్చినవారు. పిల్లలంతా అంకుల్ అంటారు, నేను అన్నయ్యగారూ అంటాను. పాటలు మానేశావా అమ్మా అని అడిగారు. మీకెలా తెలుసన్నాను.

"న్యూస్‌పేపర్‌లో పడింది కదమ్మా నీ ఫోటో. నేనే తీసుకెళ్ళి మీ ఆయన మేనేజర్‌కి చూపించాను. బయటివాళ్ళు చెప్పేకంటే మనవాళ్ళు చెప్తే బెటర్ కదా, రేపు ఇష్యూ అవకుండా. నీ మంచికేనమ్మా."

ఆయన ముఖంలో దాపరికం ఏమీ లేదు. నిజంగానే నా మంచికే అనుకుంటున్నారు. నా చేతిలో ప్లేటు వంగి పెరుగుపచ్చడి వేళ్ళ మీదకి కారింది.

మర్నాడు పొద్దున్నే కారేసుకుని మెకానిక్ ఇంటికి వెళ్ళాను. వాకిట్లో పాత ఏసీ విప్పుకుని కూర్చున్నాడు. దారంతా కూర్చుకున్న ఇంగ్లీషు వాక్యాలు సగం మర్చిపోయాను. తప్పు నాదని, ఫోటో ఇచ్చింది మావాళ్ళేనని మాత్రం చెప్పగలిగాను. అతను చేతులు తుడుచుకుని నోట్‌బుక్ తీసి నాకిచ్చాడు. ముందు పేజీల్లో ఇళ్ళ అడ్రసులు, ఏసీల మోడల్ నంబర్లు. తిరగేసి వెనకనుంచి చూస్తే, నా మాటలు. నేను మాట్లాడిన తప్పులతో సహా, ఒక్కో పాదంగా విరిచి రాసుకున్నాడు. "ఈ దేశంలో నా కాగితాలన్నీ మా ఆయన పేరుతో మొదలవుతాయి." అది నేనెప్పుడో చెమట తుడుచుకుంటూ అన్న మాట. దాని కింద నాలుగుసార్లు గీత గీసి ఉంది. ఇంకో పేజీలో, "మా ఆయన మంచివాడే, కానీ ఆయన కారు చప్పుడు వినగానే మాండలిన్ పెట్టెలో పెట్టేస్తాను."

క్షమాపణ చెప్పడానికొచ్చిన నాకు ఒళ్ళు మండింది. పోలీసులకి ఇవ్వలేదు సరే. ఇవి ఊరంతా పాడుకోవడానికా?

"నన్ను అడగొచ్చు కదా" అన్నాను.

"అడిగితే నువ్వు మాట్లాడటం మానేస్తావనుకున్నాను" అన్నాడు.

మరి ఆ రోజు ఇదే చూపించి ఉంటే సరిపోయేది కదా అన్నాను. అందరి ముందూ నీ మాటలు చదవమంటావా అని అడిగాడు. మంచివాడే అన్న పాదం, మాండలిన్ పెట్టె పాదం కొట్టేయమన్నాను. నా ముందే కొట్టేశాడు. కాగితాల పాదం ఉంచుకోమన్నాను.

అక్కణ్ణుంచి నేరుగా పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. గిటార్ బిరడాలు తిప్పుతూ అంతా విన్నారు.

"అతనే అని తేల్చుకోవడానికి నీకు ఎన్నాళ్ళు పట్టింది?" అని అడిగారు.

"ఒక మధ్యాహ్నం."

"మాకూ అంతే" అన్నారు.

ఎవరి గురించో నాకు వెంటనే తట్టలేదు. సమ్మెలో బయటికి పంపిన మనిషి గురించి. అతనికి ముగ్గురు పిల్లలట. ఆ వారమే ఊరు వదిలి వెళ్ళాడట. కబుర్లు మోసింది అతనో కాదో తర్వాత ఎవరికీ తేలలేదు, తేల్చుకోవాలని ఎవరూ అనుకోలేదు. పెద్దాయన లోపలికి వెళ్ళి మెకానిక్‌కి ఫోన్ చేశారు. ఏం మాట్లాడారో నేను వినలేదు. శనివారం అతను వచ్చాడు. తీగ తగిలించి శ్రుతి చేసుకున్నాడు. నా పక్కన నిలబడ్డాడు గాని, ఆ తర్వాత నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అది నాకు బాధగానూ ఉంది, హాయిగానూ ఉంది.

బ్యాండ్ ఇంకో రెండేళ్ళు నడిచింది. పెద్దాయనకి ఊపిరి అందక కూతురి దగ్గరికి వెళ్ళిపోయాక ఆగింది. నాకు ఉద్యోగం చేసుకునే అనుమతి ఆ తర్వాత ఎప్పటికో వచ్చింది. ఇప్పుడు ఆ రోజులు తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఆ మొదటి ఏడాది నవంబరులో ఒక చర్చి హాల్లో పగలు వాయించిన కచేరీ. కాగితాల పాట మొదటిసారి అక్కడే పాడాం. మా ఆయన వచ్చి వెనక వరసలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. పెద్దాయన నా కాగితాల పాదం ఎత్తుకోగానే హాలంతా అందుకుంది. నేను తల ఎత్తకుండా వాయించాను.

కార్ ఫ్రీవే ఎక్కాక మా ఆయన అడిగారు.

"ఆ పాట ఎవరు రాశారు?"

బేస్ వాయించే ఆయన అన్నాను.

"ఆయనకెలా తెలుసు అదంతా?"

"నేనే చెప్పాను."

"ఇంకేం చెప్పావు?"

దాచొచ్చు. కొట్టేయించిన పాదాలు ఆయన ఎప్పటికీ వినేవారు కాదు. అయినా చెప్పేశాను, రెండూ. మేం ఫ్రీవే దిగాల్సిన ఎగ్జిట్ దాటిపోయింది. తర్వాతి ఎగ్జిట్ తీసుకుని, వెనక్కి తిప్పి, ఎర్ర సిగ్నల్ దగ్గర ఆగాక అన్నారు.

"నేనొచ్చాక వాయించొద్దని ఎప్పుడైనా అన్నానా?"

"అనలేదు" అన్నాను. నిజమే. ఆయన ఎప్పుడూ అనలేదు.