కాకి ముద్ద తిన్న కయోటీ

నాకు జంతువులంటే ప్రేమ లేదు. ముందే చెప్పేస్తే మంచిది. ఆఫీసులో నా పక్క సీటావిడ వాళ్ళ పెరట్లో కుందేలు పిల్లల్ని పెట్టిందని ఫోన్లో ఫొటోలు చూపించి మురిసిపోతుంటే, నా కళ్ళకి కనబడేది మొదలంటా కొరికేసిన మా గోంగూర మడే. ఇక్కడ అమెరికాలో, ప్లేనోలో మా ఇంటి వెనక ఒక చిన్న వాగు, దాని పక్కన చెట్లు, మాకూ వాగుకీ మధ్య ఇనప ఊచల కంచె. ఇల్లు అమ్మిన ఏజెంటు ఆ చెట్లనే చూపించి మమ్మల్ని ఊరించాడు. వాటిలో ఎవరెవరు కాపురముంటున్నారో మాత్రం చెప్పలేదు.

కుందేళ్ళు మొలకల దగ్గరే పని ముగించేవి. ఉడతలు టొమాటో ఎర్రబడేదాకా ఓపిగ్గా ఆగి, సరిగ్గా నేను కోద్దామనుకున్న పొద్దున ఒక్క కొరుకు కొరికి, మిగతాది కంచె దిమ్మె మీద పెట్టి పోయేవి. తింటే తిన్నాయి, మొత్తం తినొచ్చు కదా. కళ్ళకి నల్ల గంతలు కట్టినట్టుండే రకూన్లు తడి మట్టి కనబడితే చాలు, మనుషుల్లాగే చేతులు పెట్టి కెలికేవి. వీటిని చూసి ముచ్చటపడేవాళ్ళంతా కూరగాయలు కొట్లో కొనుక్కునేవాళ్ళేనని నా అనుమానం.

మా అత్తమ్మకీ నాకూ ఏకాభిప్రాయం కుదిరింది ఈ ఒక్క విషయంలోనే. మామగారు పోయాక ఆవిడ మా దగ్గరికి వచ్చేసింది. వాళ్ళది తణుకు వైపు, మాది కరీంనగర్. మా ఆయనా నేనూ ఒకరినొకరం ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. మామగారు ఆ కోపంతో కొడుకుతో మాట మానేశారు, మానేసినవారు మానేసినట్టే పోయారు. అత్తమ్మకి నా వంట నచ్చేది కాదు. ఆవిడ వంక పెట్టే తీరు నాకు నచ్చేది కాదు. ఇద్దరం ఒకే వంటింట్లో ఒకరికొకరం అడ్డం రాకుండా తిరగడం నేర్చుకున్నాం.

పెరడు మాత్రం పూర్తిగా ఆవిడదే. వచ్చిన మొదటి వసంతంలోనే ఒక మూల గడ్డి పెళ్ళగించి, మట్టి చేతిలోకి తీసుకుని నలిపి, నల్లరేగడే కదా అని సంబరపడింది. దోసపాదు, బీరపాదు, గోంగూర, నాలుగు వంగమొక్కలు. లోపల ఏ గిన్నె ఎక్కడుందో నన్నడగాల్సిన మనిషి, పెరట్లోకి అడుగు పెడితే నేనే ఆవిణ్ణి అడగాలి. కాయ కోయాలన్నా, నీళ్ళు పెట్టాలన్నా ఆవిడ సరే అనాలి. ఎన్నేళ్ళ సంసారం చేసిందో గానీ, ఇది నాది అని ఆవిడ దేన్నైనా అనగా విన్నది నేను ఆ మడుల గురించే.

అందుకే ఉడతల మీద నాకంటే ఆవిడకే కసి ఎక్కువ. వీపు మీద చారలు కూడా లేవు, ఇదేం ఉడతే అనేది. మొక్కల మొదట్లో గుంటూరు కారం చల్లింది, పాత చీర పేలికలు కట్టింది, ఒళ్ళో గులకరాళ్ళు పోసుకుని మెట్టు మీద కాపలా కూర్చుంది. ఒకరోజు మడిలో పాము కనబడితే నన్ను కేకేసి, నేను కర్ర వెతికి తెచ్చేలోపే పారతో దాని కథ ముగించి, ఏమీ జరగనట్టు బీరకాయలు కోసుకుంది. భయపడే మనిషి కాదు.

ఏటా మామగారి సంవత్సరీకం వచ్చేది. ఆయనకిష్టమైనవన్నీ వండాలి. కోడికూర, గారెలు, పులుసు. ఆకులో ఒక ముద్ద పెట్టి పెరట్లో ఉంచితే, కాకి వచ్చి ముట్టాకే మిగతావాళ్ళు తినాలి. కాకి ముట్టలేదంటే పోయిన మనిషికి ఇంకా ఏదో కొరత ఉన్నట్టు. మా పెరట్లో వాలేవి పొడుగు తోకల నల్ల పిట్టలు. అత్తమ్మ వాటి పసుపు కళ్ళు చూసి ఇవి కాకులు కావని తేల్చేసింది. మొదటి ఏడు గారెని ఉడత ఎత్తుకుపోయింది. దాన్నీ ఆవిడ ఒప్పుకోలేదు. సాయంత్రం దాకా ఉపవాసం ఉండి గ్లాసెడు మజ్జిగ తాగింది. తర్వాతి ఏడూ అంతే. మా ఆయన ఆ రెండుసార్లూ చీకటి పడేదాకా ఆ ఆకు చుట్టూనే తిరిగాడు. నాన్న కోపం ఇంకా తీరలేదని పైకి అనలేదు గానీ, ఆ మొహం చూస్తే తెలుస్తూనే ఉంది.

మూడో ఏడు గుడి పూజారికి ఫోన్ చేసి అడిగాడు. కాకి లేని చోట ఆకలితో వచ్చిన ఏ జీవి ముట్టినా ఫర్వాలేదు అన్నాడాయన. ఆయన తప్పు లేదు. ఆయన ఊహలో ఉన్నది పిచ్చుకో, పెంపుడు పిల్లో అయి ఉంటుంది.

ఆ వేసవి ఎండలకి వాగు ఎండిపోయి బురద పగుళ్ళు తేలింది. మిట్టమధ్యాహ్నం ఆకు పెట్టి ముగ్గురం గడప లోపల నిలబడ్డాం. కంచె ఊచల మీంచి కయోటీ ఒకటి తేలిగ్గా దూకింది. నక్క కంటే పెద్దది, తోడేలు కంటే బక్కది, ఒళ్ళంతా దుమ్ము రంగు. తొందరేమీ పడలేదు. ముద్ద తిని, కూర నాకి, ఆకు కూడా సగం నమిలి, తలెత్తి మా వైపు చూసింది.

“నాన్న తిన్నారు,” అన్నాడు మా ఆయన. కళ్ళ నిండా నీళ్ళు.

అది కయోటీ అన్నాను. తెలుసు అన్నాడు. ఆ తెలుసు అన్న తీరుకి ఇంక నేనేం మాట్లాడినా లాభం లేదని అర్థమైంది. అత్తమ్మ మాత్రం కొంగు భుజం మీదుగా లాక్కుని తలుపు చాటుకి జరిగింది.

అక్కడితో అయిపోతే అదొక తమాషా. కానీ మా ఆయన ఆదివారం ఆదివారం కోడికూర అన్నం కలిపి అదే చోట పెట్టడం మొదలుపెట్టాడు. వారానికో ముద్ద, మన సొమ్మేం పోయింది అంటాడు. బతికుండగా తండ్రికి ఒక్క ఫోన్ చేయడానికి అడ్డొచ్చిన పౌరుషం, తండ్రి నాలుగు కాళ్ళ మీద వచ్చాడనుకోగానే ఎక్కడికి పోయిందో నాకు తెలియదు. ఆ మాట అననూ అన్నాను. మళ్ళీ ఆదివారం పళ్ళెం పట్టుకుని బయల్దేరాడు.

కయోటీకి అలవాటైపోయింది. ఆదివారం అనేముంది, ఏ రోజంటే ఆ రోజు పట్టపగలే వచ్చేది. నీళ్ళు పెట్టిన మట్టి చల్లగా ఉంటుంది కదా, సరిగ్గా దోసపాదు మీద ఒళ్ళు వాల్చేది. తీగలు నలిగిపోయాయి, పిందెలు దాని డొక్క కింద చితికిపోయాయి. కుందేళ్ళ జాడ లేదు చూశావా అని మా ఆయన దాని తరఫున వాదించాడు. నిజమే. ఆ ఏడు గోంగూర మొదటిసారి మోకాలెత్తు లేచింది. కానీ కోయడానికి మనిషి లేదు. మా అత్తమ్మ పెరట్లోకి వెళ్ళడం మానేసింది.

పామును చంపిన మనిషికి దీనికి భయమేంటని నాకు చిరాకేసింది. ఒక ఆదివారం కావాలని గమనించాను. కయోటీ తింటున్నంతసేపూ ఆవిడ తలుపు చాటున సగం కనబడుతూ, ద్వారబంధం మీద చెయ్యేసి నిలబడింది. అది తినడం అయ్యాక, ఆయన తిన్నారా అని కొడుకుని మెల్లగా అడిగింది. అప్పుడు గాని తన కంచం ముందేసుకోలేదు.

ఆ నిలబడటం నేను అంతకు ముందు చూశాను. పెళ్ళైన కొత్తలో ఒకే ఒక్కసారి వాళ్ళింటికి వెళ్ళాం. మామగారు మాతో కూర్చోలేదు, లోపల ఒక్కరే తింటున్నారు. అత్తమ్మ తలుపు దగ్గర అచ్చం అలాగే నిలబడి ఉంది. పులుసు చల్లారిందని ఆయన కంచం ఎత్తి గోడకేసి కొట్టారు. ఆవిడ చప్పుడు లేకుండా గోడ తుడిచి, వేడి పులుసు తెచ్చి, మళ్ళీ అక్కడే నిలబడింది. అది గుర్తుకు రాగానే నాకు ఒళ్ళు మండిపోయింది. మహానుభావుడు సముద్రాలు దాటి వచ్చి, ఆవిడకున్న నాలుగు మడుల్లో కూడా పడుకున్నాడన్నమాట.

ఆ వారమే కాలనీ అసోసియేషన్ వాళ్ళు తలుపులకి కాగితం అంటించారు. పక్క వీధిలో ఎవరిదో చిన్న కుక్కని కయోటీ తరిమిందట. ఆ కాగితంలో రాసిందే సిటీ నుంచి ఒకావిడ వచ్చి ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. తిండి పెట్టొద్దు, తిండి పెడితే మనుషులంటే బెదురు పోతుంది, బెదురు పోయినదాన్ని చివరికి చంపాల్సి వస్తుంది. కనబడితే అరవండి, చప్పుడు చేయండి, చేతులు పైకెత్తి పెద్దగా కనబడండి, అది వెళ్ళేదాకా మీరు వీపు చూపించకండి అంది. ఈ దేశం వచ్చాక గవర్నమెంటు నన్ను అరవమని చెప్పడం అదే మొదటిసారి. మా ఆయన మర్యాదగా తలూపి ఆవిణ్ణి సాగనంపాడు. మళ్ళీ కోడి తెచ్చాడు.

ఇక నేను ఆగలేదు. “నీకు మీ నాయనతోని మాట్లాడాలని ఉంటే ఫొటో ముందల కూసోని మాట్లాడు,” అన్నాను. “అత్తమ్మ తోట ఆయనకెందుకు రాసిస్తున్నవ్?”

నువ్వు మా నాన్నని ఎప్పుడూ మనిషిగా చూడలేదు అన్నాడు. ఇప్పుడు నువ్వు చూస్తున్నావా అన్నాను. వంటింట్లో అత్తమ్మ ఉల్లిపాయ తరుగుతున్న చప్పుడు ఆగిపోయింది. ఆవిడ విన్నదని ఇద్దరికీ తెలుసు. అయినా ఎవరం గొంతు తగ్గించలేదు.

సాయంత్రం ఆవిడ ఆ కాగితం తెచ్చి నా ముందు పెట్టి, ఏం రాశారో చదవమంది. ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. వీపు చూపించకూడదన్న చోట ఆపి, మళ్ళీ చెప్పమంది. నేను తరుముతా, మీరు లోపలుండండి అన్నాను. ఆవిడ కాగితం మడిచి మైక్రోవేవ్ మీద పెట్టింది.

ఆదివారం మధ్యాహ్నం కయోటీ దోసపాదు మీద పడుకుని ఉంది. తెల్లారి నుంచి కాచుకున్నట్టు మా ఆయన నేను కూర దించగానే పళ్ళెంలో అన్నం కలపడం మొదలుపెట్టాడు. నేను వెనక తలుపు తీసి తోటకి నీళ్ళు పట్టే పైపు అందుకున్నాను. నన్ను పక్కకి తోసుకుని అత్తమ్మ బయటికి వచ్చింది. ఒక చేతిలో స్టీలు పళ్ళెం, ఇంకో చేతిలో అట్లకాడ. కాళ్ళకి చెప్పుల్లేవు. కాలే సిమెంటు మీద నడిచి మడి దగ్గరికి వెళ్ళి, పళ్ళెం మీద అట్లకాడతో కొట్టింది.

కయోటీ లేచి నిలబడింది గానీ పోలేదు. దానికి పళ్ళెం చప్పుడంటే తిండే. ఒళ్ళు దులుపుకుని ఆవిడ వైపు రెండడుగులు వేసింది. నేను పైపు ఎత్తాను. నువ్వుండు అంది వెనక్కి చూడకుండానే. మళ్ళీ కొట్టింది, ఇంకా గట్టిగా. ఒక్క అడుగు ముందుకే వేసింది.

“కాపురానికొచ్చిన కాణ్ణించీ మీకు పెడతానే ఉన్నాను,” అంది. “ఇంక పెట్టను. ఇది నా దొడ్డి. వెళ్ళండి.”

అది చెవులు వెనక్కి వాల్చింది. ఆవిడ ఇంకో అడుగు వేసింది, అట్లకాడ పైకెత్తింది. కయోటీ వెనక్కి వెనక్కి జరిగి, కంచె దగ్గర ఒక్క క్షణం ఆగి, దూకేసింది. ఎండిన వాగులో దాని కాళ్ళ చప్పుడు వినబడనంత దూరం పోయేదాకా అత్తమ్మ ఇటు తిరగలేదు.

తిరిగేసరికి మా ఆయన గడపలో ఉన్నాడు, చేతిలో కలిపిన అన్నం పళ్ళెంతో. అమ్మా అన్నాడు. తండ్రిని రెండోసారి పోగొట్టుకున్నట్టుంది అతని మొహం. నాకు జాలి వేయలేదని అబద్ధం చెప్పను, కానీ పైపు మాత్రం కింద పెట్టలేదు.

ఆవిడ కొడుకు చేతిలోంచి ఆ పళ్ళెం తీసుకుంది. మెట్టు మీద కూర్చుని, కొంగుతో చెమట తుడుచుకుని, మా ఇద్దరిలో ఎవరినీ తిన్నారా అని అడగకుండా పెద్ద ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. రెండో ముద్ద తిన్నాక నా వైపు చూసింది.

“కూరలో ఉప్పు చాల్లేదు,” అంది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. లోపలికి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చి ఆవిడ పక్కన పెట్టాను.