‘ఇష్టం లేదు’ అంటే నమ్మని మనిషి

కామేశం గారు ఇక లేరు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

అక్టోబరు చివరి మంగళవారం ఉదయం ఆఫీసు పార్కింగ్ లాట్‌లో కారు ఆపుతుండగా సుభద్రమ్మ గారి ఫోన్ వచ్చింది. ఆవిడ నాకు నేరుగా ఎప్పుడూ ఫోన్ చేయరు. ఆయన చేసి, మధ్యలో ఆవిడకు అందిస్తారు. "అంకుల్ పోయారు బాబూ. తెల్లవారుజామున, నిద్దర్లోనే" అన్నారు. జవాబుగా నా నోట వచ్చిన మొదటి మాట రాయడానికి సిగ్గుగా ఉంది. "అదేంటండీ, శనివారం బూట్లు సర్దుదామన్నారు కదా!" అన్నాను. మరణవార్త విన్నవాడు అనవలసిన మాటేనా అది? ఆవిడ మాత్రం "అవును, అన్నారు" అని ఊరుకున్నారు. ఆ వారమే కాస్కేడ్ కొండల మీద ఈ ఏటి తొలి మంచు పడింది. హైవే మీద నుంచి తెల్లగా కనిపిస్తుంటే నాకు ఆ కొండల మీద కోపం వచ్చింది.

పల్నాటి రెంటచింతలలో, ఎండాకాలం వస్తేనే పేపర్లో పేరు కనిపించే ఆ ఊళ్ళో, పుట్టిన మనిషి అమెరికాలో మేముండే బాతెల్ చుట్టుపక్కల ఇంతమంది తెలుగు పిల్లలకు స్కీ బూట్లు తొడిగారంటే ఎరగనివారు నవ్వుతారు. ఆయనా నవ్వేవారు. "మా ఊళ్ళో చల్లగా ఉండేది కుండలో నీళ్ళొక్కటేనయ్యా" అనేవారు. వృత్తిరీత్యా వంతెనల ఇంజనీరు. పాతికేళ్ళు పైబడి ఇక్కడే ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్నారు. పెద్దలకు కామేశం గారు, పిల్లలకు బూట్ అంకుల్. తనను దాత అంటే ఆయనకు ఒళ్ళుమంట. శ్రీమంతుల క్రీడ అనుకునే ఒక ఆటను మామూలు ఉద్యోగస్థుల చేతికి అందేంత కిందికి దించడమే ఆయన ఉత్తరార్ధ జీవితపు సాధన. నా మటుకు నాకు అది ఆయన కట్టిన వంతెనల కంటే చిన్న పని కాదు.

ఆయనను నేను మొదట చూసింది కొండ మీద, టికెట్ల కిటికీ దగ్గర. అప్పుడు మా మేఘనకు ఆరేళ్ళు. అమెరికా వచ్చాం, మంచు చూపిద్దామని బయల్దేరదీశాను. అద్దె బూట్లు తొడిగించి, కొండ పైకి చేర్చే లిఫ్ట్ టికెట్ రేటు చూసేసరికి కళ్ళు బైర్లు కమ్మాయి. "గింత రేటా! కొండనే కొంటున్నమా ఏంది!" అని పైకే అనేశాను. వెనక నుంచి ఎవరో పకపకా నవ్వారు. "కొండ గవర్నమెంటుదయ్యా, అమ్మరు. ముందా పిల్లకి బూట్లిప్పించు. కాళ్ళు ముడుచుకుపోయినయ్ చూడు." అరవై దాటిన మనిషి, కోతి టోపీ మీద హెల్మెట్ పెట్టుకుని, మంచులో మోకాళ్ళ మీద కూర్చుని నా కూతురి బూటు బకిల్స్ విప్పేశారు. మళ్ళీ తొడిగి, "వేళ్ళు ఆడుతున్నాయా తల్లీ?" అని అడిగారు. మేఘన నా వైపు తిరిగి, "డాడీ, మై టోస్ ఆర్ ప్లేయింగ్?" అని ఆశ్చర్యపోయింది. దానికి తెలిసిన ‘ఆడటం’ అదొక్కటే. ఆయనకు ఆ తప్పు ఎంత నచ్చిందో! "ఆఁ, ప్లేయింగ్, ప్లేయింగ్!" అన్నారు. ఆనాటి నుంచి ఆయన ఏ పిల్లకు బూటు తొడిగి ఆ ప్రశ్న అడిగినా, "ప్లేయింగ్!" అని జవాబు చెప్పడం మా పిల్లల ఆచారమైంది.

ఆయన పద్ధతిలో ఓపిక తప్ప రహస్యమేమీ లేదు. "మంచు కురిసేటప్పుడు కాదయ్యా, కరిగేటప్పుడు కొనాలి" అనేవారు. ఏప్రిల్‌లో, అందరూ స్కీలు అటకెక్కించి తోటపనికి దిగే రోజుల్లో, వచ్చే శీతాకాలమంతా చెల్లే సీజన్ పాస్‌లు చవగ్గా అమ్ముతారు. ఆవకాయ ఎండల్లోనే పెట్టుకున్నట్టు పాస్ వసంతంలోనే కొనుక్కోవాలని ఆయన సిద్ధాంతం. మేము బద్ధకిస్తామని తెలిసి, ఆఖరి వారం ఇంటింటికీ ఫోన్ చేసి మరీ కొనిపించేవారు. వెళ్ళేటప్పుడు రెండిళ్ళవాళ్ళం ఒకే వ్యాన్‌లో వెళ్ళాలి. ఒక్కడే కారేసుకుని వచ్చినవాణ్ణి "ఏం, పెళ్ళికొడుకువా?" అని అడిగేవారు.

ఇక ఆయన గరాజు. అందులో కారు నేనేనాడూ చూడలేదు. గోడ పొడవునా చెక్క అరలు, అరల నిండా బూట్లు, ప్రతి జత మీదా టేపు అంటించి మార్కర్‌తో సైజు. పిల్లల పాదాలు ఏడాదికోసారి పెరుగుతాయి, బూట్లు మాత్రం పదేళ్ళు చెక్కుచెదరవు. బిగుతైన జత తుడిచి, ఆరబెట్టి తెచ్చి అరలో పెట్టడం, పై సైజు జత తీసుకుపోవడం. అంతే. తెచ్చిందెవరో, ఉత్తచేతులతో వచ్చిందెవరో ఆయన చూడరు. మనం వెళ్ళేసరికి కావాలనే వెనక్కి తిరిగి ఏదో సర్దుతూ ఉంటారు. ఇదంతా లోభమనుకున్నవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు ఆయన హెల్మెట్ల సంగతి తెలియదు. ఎంత బాగున్నా వాడిన హెల్మెట్ ఆ గరాజులోకి రానివ్వరు. "కాళ్ళ దగ్గర బేరమాడు, తల దగ్గర ఆడకు." స్కీలకు బూటు బిగించే పని కూడా అంతే. అది తెలిసిన షాపువాడి చేత డబ్బిచ్చి చేయించుకుని రావాలి. కక్కుర్తిపడి మన స్క్రూడ్రైవర్‌తో తిప్పుకుంటే ఆ నెలంతా మాట్లాడరు. నాతో ఒకసారి మాట్లాడలేదు.

మధ్యాహ్నం కొండ కింద అందరూ తినడానికి కూర్చునే లాడ్జిలో సుభద్రమ్మ గారి పులిహోర. మొదటి ఏడు ఆ డబ్బా మూత తీయడానికి నాకు నామోషీ వేసింది. చుట్టూ బర్గర్లు తింటున్న జనం. కామేశం గారు కనిపెట్టేశారు. "పులిహోరకే సిగ్గుపడేవాడివి, ఇందాక అంతమందిలో బోర్లా పడ్డప్పుడు ఏం చేశావు?" అన్నారు. మా బల్ల దగ్గర అందరూ నవ్వారు. నేను మూత తీశాను.

పొదుపుకూ కక్కుర్తికీ మధ్య ఆయన గీసుకున్న గీత సూక్ష్మమైనది కాదు, గోడంత లావుది. ఒకసారి మాలో ఒకాయన టికెట్ల కిటికీ దగ్గర కొడుకు వయసు ఒక ఏడాది తగ్గించి చెప్పాడు. పక్కనే ఉన్న కామేశం గారు తెలుగులో, నెమ్మదిగా, "మొన్న వాడి పుట్టినరోజుకి నేను కేకు తిన్నానయ్యా" అన్నారు. "ఒక్క ఏడాదే కదంకుల్" అని అతను గొణిగాడు. "ఆ ఏడాది వాడెంత కష్టపడి పెరిగాడో! నువ్వెవరు కొట్టెయ్యడానికి?" ఆ తండ్రి నాలిక్కరుచుకుని సరైన వయసు చెప్పి టికెట్ కొన్నాడు. కొడుకు మాత్రం ఆ రోజంతా ఛాతీ విరుచుకుని తిరిగాడు.

ఇంత తపన ఎందుకని ఒకసారి కొండ దిగి వస్తూ వ్యాన్‌లో అడిగాను. వైపర్లు చూస్తూ చెప్పారు. ఆయనకు ఒక్కడే కొడుకు, శ్రీధర్. మిడిల్ స్కూల్లో ఉండగా శుక్రవారాలు స్కూలు నుంచి స్కీ బస్సు వెళ్ళేది. అదెంతవుతుందో, ఇంటి లోనుతో ఎలా పొసుగుతుందో వంటింట్లో భార్యాభర్తలు మాట్లాడుకున్నారు. మర్నాడు శ్రీధర్ వచ్చి, "నాకు స్నో ఇష్టం లేదు నాన్నా" అన్నాడు. ‘హమ్మయ్య’ అనుకున్నారు తండ్రి. పదిహేనేళ్ళ తర్వాత శ్రీధర్ పెళ్ళిలో పాత క్లాస్‌మేట్ ఒకడు మైకు పట్టుకుని, మేమంతా స్కీ బస్సు ఎక్కుతుంటే వీడొక్కడు లైబ్రరీలో కూర్చునేవాడని చెప్పి నవ్వించాడు. అందరూ నవ్వారు. "నాకు అక్షింతలు చేతిలోనే ఉండిపోయినయ్యయ్యా" అన్నారు కామేశం గారు. "మన పిల్లలు అడగరు. ‘కొనలేవా నాన్నా’ అని అనరు. ‘ఇష్టం లేదు’ అంటారు. ఆ మాట అన్నారంటే వాళ్ళకి రేటు తెలిసిపోయిందన్నమాట."

ఆ పెళ్ళయిన మరుసటి ఏడే గరాజులోంచి కారు బయటికి వెళ్ళింది.

ఆయన ఆ మాటను ఎంత గట్టిగా పట్టుకున్నారో నాకు నా ఇంట్లోనే తెలిసింది. మాంద్యం వచ్చిన ఏడు నా ఉద్యోగం పోయింది. వీసా గడువు, వెతుకులాట, ఇంట్లో ఎవరి మొహం ఎవరూ చూడని రోజులు. డిసెంబరులో మేఘన, "నాకు ఈ ఇయర్ స్కీయింగ్ ఇష్టం లేదు" అంది. పుస్తకాల మీద ఆసక్తి పెరిగిందని నేను సంతోషించాను కూడా. ఆ మాట ఫోన్లో మామూలుగా చెప్పాను. అరగంటలో తలుపు తట్టారు. చంకలో బూట్లు. నన్ను పలకరించలేదు. తిన్నగా వెళ్ళి దాని ముందు నేల మీద కూర్చుని, "ఇష్టం సంగతి తర్వాత చూద్దాం. వేళ్ళు ఆడుతున్నాయా చెప్పు" అన్నారు. అది పెదవి బిగబట్టి, ఆయన భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. ఏప్రిల్‌లోనే దాని పాస్ కూడా ఆయన కొనిపించి ఉంచిందే. నా ఉద్యోగం పోయింది కానీ దాని సీజన్ పోలేదు. ఆ ఋణం తీర్చుకునే దారి ఇప్పుడు మూసుకుపోయింది.

ఇక ఈ ఏప్రిల్ సంగతి చెప్పాలి. చెప్పకుండా ఈ వ్యాసం ముగిస్తే ఆయన మళ్ళీ నాతో మాట్లాడరు. ఎప్పటిలాగే అందరికీ ఫోన్లు చేశారు, అందరి చేతా పాస్‌లు కొనిపించారు. తనకు మాత్రం తీసుకోలేదు. "మీది, అంకుల్?" అని అడిగాను. "నాకిక ఇష్టం లేదయ్యా. చాలు, తీరిపోయింది. కింద కూర్చుని పులిహోర కాపలా కాస్తా" అన్నారు. వయసు మీద పడింది కదా, సహజమే అనుకున్నాను. ‘హమ్మయ్య, ఇకనైనా జాగ్రత్తగా ఉంటారు’ అని కూడా అనుకున్నాను. పన్నెండేళ్ళు ఆయన వెంట తిరిగినవాణ్ణి. ఆ మాటకు అర్థమేమిటో ఆయన నోటనే విన్నవాణ్ణి. నమ్మేశాను.

గుండె సగమే పనిచేస్తోందనీ, అంత ఎత్తుకు వెళ్ళకూడదనీ మార్చిలోనే డాక్టరు చెప్పారట. పదో రోజున సుభద్రమ్మ గారు చెప్పారు. "ఎవరితోనూ అనొద్దన్నారు బాబూ. ‘నాకోసం ఆగుతారు, పిల్లల సీజన్ పోద్ది’ అన్నారు." ఒక్కసారి మళ్ళీ అడిగి ఉంటే చెప్పేవారేమో. కనీసం ఆయన పక్కన నేల మీద కూర్చుని ఉండేవాణ్ణి. నేను అడగలేదు. నాకు కలిగిన దుఃఖంలో సగం ఇదే.

శ్రీధర్ కాలిఫోర్నియా నుంచి వచ్చాడు. కర్మకాండ అయ్యాక ఇద్దరం గరాజులో నిలబడ్డాం. వాడు ఆ అరలన్నీ చూసి, "ఐ హావ్ టు టెల్ సమ్‌వన్" అన్నాడు. "నాకు నిజంగానే స్నో ఇష్టం లేదు. డబ్బు గురించి కాదు. నాకు చలి పడదు. ఆ లైబ్రరీ అంటే ప్రాణం."

"మరి నాన్నగారికి చెప్పలేదా?"

"చాలాసార్లు చెప్పాను. ఆయన నా తల నిమిరి ‘సర్లే నాన్నా’ అనేవాడు. ఎప్పుడూ నమ్మలేదు."

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. కొడుకు చెప్పిన నిజాన్ని తండ్రి జీవితాంతం నమ్మలేదు. ఆ పొరబాటు చలవ వల్లే మా పిల్లలు ఇన్ని శీతాకాలాలు కొండ మీద నుంచి కేరింతలు కొడుతూ దిగారు. ఆయన చెప్పిన అబద్ధాన్ని మాత్రం నేను ఒక్క క్షణంలో నమ్మాను. నా పొరబాటు వల్ల ఎవరికీ ఏ మేలూ జరగలేదు.

కామేశం గారిలాంటి మనిషి మళ్ళీ మా మధ్యకు వస్తారని నేను అనుకోను. దానశీలురు ఉంటారు, స్నేహశీలురు ఉంటారు. పిల్లవాడు దాచుకున్న లేమిని గ్రహించి, గ్రహించినట్టు కూడా తెలియనివ్వని సహృదయులు అరుదు. ఆ మహనీయుడి స్మృతికి మోకరిల్లి నమస్కరిస్తున్నాను. మోకాళ్ళ మీద కూర్చోవడం నాకు నేర్పింది ఆయనే.

మొన్న శనివారం, ఆయన అనుకున్నట్టే, బూట్లు సర్దాం. సుభద్రమ్మ గారే గరాజు తలుపు ఎత్తారు. ఆయన మార్కర్‌తో రాసిన అంకెలు టేపుల మీద అలాగే ఉన్నాయి. తలుపు దగ్గర తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె తల్లి చున్నీ పట్టుకుని నిలబడింది. కొత్తగా వచ్చినవాళ్ళు. సెప్టెంబరులో తండ్రి ప్రాజెక్టు ఆగిపోయిందని విన్నాను. రమ్మని పిలిస్తే, "నాకు స్నో ఇష్టం లేదు అంకుల్" అంది.

శ్రీధర్ లాంటిదేమో, మేఘన లాంటిదేమో. ఆయనకే పొరబాటు జరిగిన చోట నాకేం తెలుస్తుంది? ఇరవై రెండున్నర సెంటీమీటర్ల సైజు జత తీసుకుని వెళ్ళి, దాని ముందు సిమెంటు నేల మీద కూర్చున్నాను. బూటు తొడిగి, బకిల్ పెట్టి, "వేళ్ళు ఆడుతున్నాయా తల్లీ?" అని అడిగాను.

ఆ పిల్ల బూటు వైపు చూసింది. తల్లి వైపు చూసింది. అర దగ్గర నిలబడ్డ మేఘన, "‘ప్లేయింగ్’ అనాలి" అని నేర్పింది.

"ప్లేయింగ్" అంది ఆ పిల్ల, లోపల వేళ్ళు కదిలిస్తూ. నేను రెండో బూటు అందుకున్నాను.