ఏడు నెలల అబద్ధం

డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్లు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. యుద్ధాల పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద రష్యా పటం గీసి, సైన్యాలు ఎటు నుంచి ఎటు కదిలాయో రంగు సుద్దలతో బాణాలు వేసేవాణ్ణి. పక్కన చనిపోయినవాళ్ల సంఖ్య రాసి, ఇది పరీక్షలో తప్పకుండా వస్తుందని చెప్పేవాణ్ణి. ఆ పాఠం విన్నవాళ్లలో నెక్కొండ నుంచి వచ్చే ఇద్దరు కుర్రాళ్లు ఉండేవాళ్లు. ఒకడు మజర్, ఇంకొకడు మహిపాల్.

మజర్ తండ్రి వలీ నెక్కొండ స్టేషన్ దగ్గర ట్రాలీ ఆటో నడుపుతాడు. తల్లి జుబేదా ఇంట్లో జాకెట్లు కుడుతుంది. మహిపాల్‌కు తండ్రి లేడు. తల్లి మొగిలమ్మ రెండెకరాల మిరప తోటను ఒక్కతే సాకేది. ఒకరింట్లో తిని ఇంకొకరింట్లో పడుకుంటూ పెరిగిన పిల్లలు వాళ్లు. మొగిలమ్మను మజర్ చిన్నమ్మా అనే పిలుస్తాడు.

డిగ్రీ అయ్యాక ఇద్దరూ హన్మకొండలో గది తీసుకుని కానిస్టేబుల్ పరీక్షకు సిద్ధమయ్యారు. పొద్దున ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పరుగు, తర్వాత కోచింగ్. పరుగులో మహిపాల్ ముందుండేవాడు, రాతలో మజర్. 2023లో ఫలితాలు వచ్చాయి. ఇద్దరి పేర్లూ లేవు. ఆ రోజుల్లోనే నల్ల తామర పురుగు పడి మొగిలమ్మ తోట పూత మీదనే మాడిపోయింది.

అప్పుడు వాళ్ల ఫోన్‌లోకి ఒక వీడియో వచ్చింది. రష్యాలో హెల్పర్ పని, గోదాముల్లో సామాన్లు సర్దడమే, తిండీ గదీ కంపెనీవే అని అందులో ఒకాయన నవ్వుతూ చెప్పాడు. ఇద్దరూ హైదరాబాద్ వెళ్లి అతన్ని కలిసి వచ్చారు. బయల్దేరే ముందు మా ఇంటికీ వచ్చారు. యుద్ధం నడిచే దేశం కదరా అని అడిగాను. యుద్ధం సరిహద్దులో ఉంది, మా గోదాము మాస్కోలో ఉంది సార్ అన్నాడు మహిపాల్. సరే, ప్రపంచం చూసి రండి అన్నాను. ఆ మాట అన్నది నేనే. ఇప్పుడు దాచి లాభం లేదు.

తర్వాతి సంగతులు మజర్ నాకు ఒక్కరోజున చెప్పలేదు. ముక్కలు ముక్కలుగా, ఏడాదిపాటు చెప్పాడు.

మాస్కోలో దిగిన మూడో రోజు చదవరాని భాషలో ఉన్న కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని, పాస్‌పోర్టులు తీసుకుని, బస్సెక్కించారు. బస్సు ఆగిన చోట గోదాము లేదు. తుపాకీ పట్టడం నేర్పే మైదానం ఉంది. రెండు వారాల శిక్షణ ఇచ్చి యుద్ధం జరిగే చోటికి తోలారు. అక్కడ గడ్డకట్టిన నేలలో కందకాలు తవ్వడం, మందుగుండు పెట్టెలు మోయడం వీళ్ల పని. వెనక్కి పోతామంటే జైలన్నారు.

“మీరు బోర్డు మీద బాణాలు గీసేటోళ్లు కద సార్,” అన్నాడు మజర్ ఒకసారి. “మేం ఆ బాణంల ఉన్నం. లోపట ఉన్నోనికి అది ఎటు పోతాందో తెల్వది.”

2024 ఫిబ్రవరి రెండో వారంలో, ఒక మధ్యాహ్నం, కోత అయిపోయిన మొక్కజొన్న చేను దాటుతూ మహిపాల్ చనిపోయాడు. అక్కడ ఏం జరిగిందో మజర్ చాలాకాలం ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. శవం చేనులోనే ఉండిపోయింది. సైన్యం కాగితాల్లో ‘కనిపించడం లేదు’ అని రాసుకున్నారు. ఇంటికి ఎవరూ కబురు పెట్టలేదు.

నాలుగు రోజుల తర్వాత మజర్‌ను వెనక శిబిరానికి తెచ్చి, తీసుకున్న ఫోన్ తిరిగి చేతికిచ్చారు. తెరవగానే మొగిలమ్మ ఫోన్ చేసింది. ఆమె మేడారం జాతరకు బయల్దేరుతోంది. కొడుకు క్షేమంగా ఉండాలని సమ్మక్క తల్లికి ఎత్తు బంగారం మొక్కుకుంది, అంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం.

“వాని ఫోన్ కలుస్తలేదు కొడుకా. మనిషి ఏమన్న సన్నబడ్డడా? ఎంత బరువున్నడో చెప్పు, గంతే బెల్లం తూకమేపిస్త.”

అటువైపు ట్రాక్టర్ ఎక్కుతున్న ఆడవాళ్ల మాటలు వినిపిస్తున్నాయి. ఆమె మళ్లీ అడిగింది.

“అరవై రెండు కిలోలు చిన్నమ్మా,” అన్నాడు.

జాతర అయ్యాక చెబుదామనుకున్నాడట. జాతర అయింది. ఆమె మళ్లీ ఫోన్ చేసి, బెల్లం ఇచ్చానని, సమ్మక్క గద్దెల దగ్గర మనసు నిమ్మళమైందని చెప్పింది. ఇక చెప్పలేకపోయాడు. మహిపాల్‌ను వేరే చోటికి మార్చారని, ఫోన్ పోయిందని, అప్పుడప్పుడు కబురు మాత్రం పంపుతాడని అన్నాడు. కబుర్లు తనే కల్పించాడు. గడ్డం పెంచాడని, పచ్చిపులుసు తినాలని ఉందన్నాడని, ఈసారి మిరప నారు తొందరగా పోయమన్నాడని. ఆమె నిజంగానే నారు ముందు పోసింది. కల్పించేటప్పుడు మహిపాల్ గొంతు తన చెవిలో వినిపించేదని, అందుకేనేమో మానలేకపోయాననీ మజర్ నాతో అన్నాడు.

మే నెలలో మజర్ ఉన్న కందకం పక్కన గుండు పడింది. ఎడమ చేతి రెండు వేళ్లు పోయాయి, ఎడమ చెవి పోయింది. ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా మొగిలమ్మకు కబుర్లు చెబుతూనే ఉన్నాడు. రెండు ప్రభుత్వాల మధ్య మాటలు జరిగాక సెప్టెంబరులో కొందర్ని విడిచిపెట్టారు. అందులో ఇతని పేరుంది. వస్తున్నానని మాత్రమే ఇంటికి చెప్పాడు. ఒక్కణ్ణే వస్తున్నానని చెప్పలేదు.

నెక్కొండ స్టేషన్‌కు వలీ, జుబేదా, చెల్లెలు సబియా వచ్చారు. టిఫిన్ డబ్బా పట్టుకుని మొగిలమ్మా వచ్చింది. ప్యాసింజర్ బండి ఆగింది. మజర్ దిగాడు. జుబేదా కొడుకు చేతిని చూసి కూలబడిపోయింది. మొగిలమ్మ అతని వెనక రైలు పెట్టె తలుపు వైపే చూస్తోంది. బండి కదిలి, ఆఖరి పెట్టె దాటేదాకా చూసింది.

“వాడేడి?”

“చిన్నమ్మా, మహిపాల్ లేడు. జాతరకు ముందే పోయిండు.”

ఆమె ఏదో లెక్క తప్పినట్టు చూసింది.

“మరి పచ్చిపులుసు అడిగిండంటివి. నారు పొయ్యమన్నడంటివి. గా మాటలు ఎవలియి?”

“నాయే.”

ఆమె టిఫిన్ డబ్బా బెంచీ మీద పెట్టి, పట్టాలు దాటి ఇంటివైపు నడిచింది. వెంట పోబోయిన జుబేదాను రావద్దని చెయ్యి చూపింది.

ఆ తర్వాత మజర్ ఇంట్లోంచి పెద్దగా బయటికి రాలేదు. ఒకరోజు తండ్రి బలవంతం మీద పొలాల వైపు వెళ్లాడు. అక్కడ ఎవరో రైతు పత్తికి డ్రోన్‌తో మందు కొట్టిస్తున్నాడు. ఆ చప్పుడు వినగానే మజర్ ఒడ్డు పక్కన కాలువలో బోర్లా పడి, తల మీద చేతులు పెట్టుకున్నాడు. బురదలో అలాగే ఉన్నాడు. గట్టు మీదున్న పిల్లలు నవ్వుతూ ఫోన్లో తీశారు. సాయంత్రానికి ఊరంతా ఆ వీడియో చూసింది. సబియా ఆ పిల్లల ఇళ్లకు తిరిగి తిరిగి దాన్ని తీసేయించింది.

నవంబరులో మొగిలమ్మకు ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ దొరికిన శవాల్లో కొడుకుని గుర్తించడానికి ఆమె రక్తం కావాలి, హైదరాబాద్ రావాలి. కాగితాల సంగతి తెలిసినవాడు మజర్ ఒక్కడే. అతను తోడు బయల్దేరాడు. ఆమె వద్దనలేదు, రమ్మనలేదు. రైల్లో అతనికి ఎదురుగా కూర్చుంది. వరంగల్ పోయింది, కాజీపేట పోయింది. స్టేషన్ ఘన్‌పూర్ దాటాక నోరు విప్పింది.

“ఏడు నెలలు అబద్ధం చెప్పినవ్. ఇగ నిజం చెప్పు. మొత్తం.”

మజర్ చెప్పాడు. ఇద్దరూ పెట్టెలు మోస్తున్నారు. మీదికి డ్రోన్ వచ్చి గుండు వదిలింది. మజర్ గోతిలోకి దొర్లాడు. మహిపాల్ నలభై అడుగుల దూరంలో పడ్డాడు. కాళ్లు నుజ్జయ్యాయి.

“జల్దిన పానం పోలే చిన్నమ్మా. గంటసేపు ఉన్నడు. పిలుస్తనే ఉన్నడు. డ్రోన్ పైననే తిరుగుతాంది. నేను పోలే.”

“ఏమని పిలిచిండు?”

“నా పేరు పెట్టే పిలిచిండు.”

జనగామ వచ్చింది. పల్లీలమ్మే మనిషి వాళ్ల మధ్య నుంచి అరుస్తూ పోయాడు. మొగిలమ్మ కిటికీ వైపు తిరిగింది. సికింద్రాబాద్‌లో దిగారు. రక్తం తీసేచోట ఫారం మజర్ నింపాడు. ఎక్కడ వేలిముద్ర వేయాలో చూపించాడు, ఆమె వేసింది.

జనవరి చివర్లో మహిపాల్ శవం ఉన్న పెట్టె వచ్చింది. తెరవొద్దని రాసి ఉంది. మజర్ ఇంట్లోనే ఉండిపోయాడు. ఏ మొహం పెట్టుకుని పోను అన్నాడట. పక్కింటి పద్మ వచ్చి, మొగిలమ్మ రమ్మంటోందని చెప్పింది. వలీ కొడుకును ఆటోలో తీసుకెళ్లాడు.

నేనూ ఆ రోజు అక్కడున్నాను. మహిపాల్ బాబాయి సారయ్య అడ్డంగా నిలబడ్డాడు. రైల్లో చెప్పిన సంగతి అప్పటికి అతనికి తెలుసు. పిలిస్తే పోనివాడు ఇవాళ మోయడానికి వస్తాడా అని అందరి ముందే అడిగాడు. మజర్ తల వంచుకుని వెనక్కి తిరిగాడు.

మొగిలమ్మ గడప దగ్గర కూర్చుని ఉంది. లేవకుండానే అంది.

“వాడు పిలిచింది వీన్నే. మొయ్యనీ.”

సారయ్య తప్పుకున్నాడు. మజర్ పెట్టె ఎక్కించిన పాడె ముందు కొమ్ముకు భుజం పెట్టాడు. మూడు వేళ్ల చెయ్యి జారుతుంటే వలీ పక్కనే నడుస్తూ కింది నుంచి పట్టుకున్నాడు. శ్మశానం ఉన్న వాగు ఒడ్డు దాకా మజర్ భుజం మార్చనివ్వలేదు.

ఇప్పుడు మజర్ వరంగల్ ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలో గేటు చూసుకుంటున్నాడు. మళ్లీ ఏ పరీక్షా రాయలేదు. ఇరవై ఆరేళ్లకే కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. అతనితో మాట్లాడాలంటే కుడిపక్కకు వెళ్లి కూర్చోవాలి. పడుకున్నప్పుడు ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే వణుకుతూ లేస్తాడని జుబేదా చెప్పింది. అందుకని ఇంట్లో ఎవరూ అతన్ని పేరుతో లేపరు, కాలు తట్టి లేపుతారు.

మొగిలమ్మ అతన్ని క్షమించిందా అని అడిగితే నాకు తెలియదు. ఇంటికి వెళ్తే మంచినీళ్లిస్తుంది. చిన్నమ్మా అంటే పలకదు. కానీ మొన్న ఎండాకాలంలో ఆమె బోరు స్టార్టర్ పాడైంది. మెకానిక్‌ను పిలవకుండా మజర్‌కు కబురు పెట్టింది. అతను వెళ్లి డబ్బా విప్పాడు. విప్పిన స్క్రూలు పెట్టుకోవడానికి ఎడమ చేతిలో వేళ్లు చాలలేదు. మొగిలమ్మ వచ్చి పక్కన నిలబడి చెయ్యి చాపింది. ఒక్కొక్క స్క్రూ ఆమె అరచేతిలో పెడుతూ పోయాడు. బిగించేటప్పుడు ఆ అరచేతిలోంచే ఒక్కొక్కటి తీసుకున్నాడట. మోటారు నడిచింది. ఆమె తోటకు నీళ్లు పెట్టడానికి పోయింది, అతను డ్యూటీకి పోయాడు.